అణాకొక పాఠం

(దళితవాడ రాత్రిబడిలో పిల్లలూ, కార్యకర్తలూ, పెద్దలూ కూర్చున్న తరగతిలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు మార్చకుండా అచ్చు వేస్తున్నాం.)



నవల చదువుతూ ఇంగ్లీషు మాటలు నేర్చుకోవడం ఎట్లాగ అనే దాని మీద ఇవ్వాళ నన్ను మాట్లాడమన్నారు. ఇదేందిరా, కూలి రేట్ల గురించో, బంజరు భూమి గురించో మాట్లాడతాడనుకుంటే ఇంగ్లీషు పంతులొచ్చి కూర్చున్నాడే అని వెనకున్న పెద్దలు అనుకుంటుండొచ్చు. కాస్త ఓపిక పట్టండి. ఈ మాట తిరిగి తిరిగి చెరువు గట్టు మీదికీ, పోలీసు స్టేషనుకీ వస్తది.

ముందుగా ఒక సంగతి తేల్చుకుందాం. మనకు ఇంగ్లీషు రాదనేది అబద్ధం. రోడ్డు, బస్సు, టిక్కెట్టు, రేషను, లోను, కేసు, బెయిలు, లాకప్పు, వారంటు. అక్షరం ముక్క రాని మన అమ్మలు రోజూ ఇట్లాంటి మాటలు వందలకొద్దీ వాడుతున్నారు. వారంటంటే ఏందో మనం డిక్షనరీ తిరగేసి నేర్చుకున్నామా? జీపు వచ్చి గుమ్మం ముందు ఆగినప్పుడు నేర్చుకున్నాం. ఎవరి మీద పెట్టారో, ఎందుకు పెట్టారో, ఎవరు సంతకం చేస్తే అది పోతదో, అంతా ఆ ఒక్క మాటతో పాటే వచ్చింది. అందుకే మరిచిపోలేదు. పోటీ పరీక్షల గైడులో వెయ్యి మాటలు వరసగా అచ్చేసి ఇస్తారు. మన పిల్లలు తెల్లారగట్ల లేచి బట్టీ పడతారు, వారం తిరక్కుండా మరిచిపోతారు. పిల్లల తెలివిలో లోటేం లేదు. ఆ మాటలకు ఊరూ లేదు, మనిషీ లేడు, పని కూడా లేదు. నవల్లో ప్రతి మాటా ఒక మనిషి నోట్లోంచి, ఒక మనిషి మీదికి వస్తది. వారంటు మనకు వచ్చినట్టే వస్తది.

సరే, ఏ నవల చదవాలి? పెద్ద పెద్ద కాలేజీల్లో రాణుల కథలు, విందుల కథలు చెప్తారు. వాటిని తప్పు పట్టను, తరవాత చదువుకోండి. మొదటి పుస్తకం మాత్రం మనకు ముందే తెలిసిన బతుకుదై ఉండాలి. బతుకు తెలిసినదైతే మాట తెలియకపోయినా అర్థం పట్టుకోవచ్చు. రెండూ తెలియకపోతే మూడో పేజీకే పుస్తకం మూసేస్తాం. అందుకని ముల్క్ రాజ్ ఆనంద్ రాసిన ‘అన్‌టచబుల్’ తీసుకున్నాను. 1935లో లండన్‌లో అచ్చయింది. పందొమ్మిది మంది ప్రచురణకర్తలు వద్దన్న తరవాత ఒకరు ఒప్పుకున్నారు. ఫార్‌స్టర్ అనే పేరున్న ఇంగ్లీషు నవలాకారుడు దానికి ముందుమాట రాశాడు. చిన్న పుస్తకం. కథంతా ఒక్క రోజులో జరుగుతది. ఉత్తరాదిన ఒక దండు ఊళ్లో దొడ్లు శుభ్రం చేసే పద్దెనిమిదేళ్ల కుర్రాడు బఖా, పొద్దున నిద్ర లేచిన దగ్గర్నుంచి సాయంత్రం దాకా పడిన పాట్లే కథ.

ఈ పుస్తకం ఎంచుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. బఖాకే ఇంగ్లీషు నేర్చుకోవాలని ఆశ! చిన్నప్పుడు బడికి పంపమని అడిగితే, బడి బాబుల పిల్లలకురా, పాకీవాళ్లకు కాదు అన్నాడు తండ్రి లఖా. పాఠం చెప్పేటప్పుడు పంతులు వేలు పుస్తకం మీద పెట్టాలి గదా. అంటరానివాడి పుస్తకం తాకితే పంతులు మైలపడిపోడూ? అందుకని బడి లేదు. పెద్దవాడయ్యాక బఖా సొంత డబ్బుతో ఒక ఇంగ్లీషు మొదటి వాచకం కొనుక్కుంటాడు. అక్షరాల దగ్గరే ఆగిపోతాడు. ఆఫీసు బాబు కొడుకు బడికి పోతుంటే చూసి, నాకు చదువు చెప్తావా, పాఠానికి ఒక అణా ఇస్తాను అని అడుగుతాడు. ఆ బాబు కొడుకు చిన్నపిల్లవాడు! అణాకొక పాఠం. ఇక్కడ రాత్రిబడిలో మీరు కూర్చున్నది బఖా కూర్చోవాలనుకున్న చోట. ఈ ఒక్క పేజీ కోసమైనా ఆ పుస్తకం మనది.

ఇప్పుడు మాటల్లోకి పోదాం.

మొదట్లోనే తగిలే మాట ‘అవుట్‌కాస్ట్’. బఖా వాళ్లుండే చోటు పేరు అదే, అవుట్‌కాస్టుల వాడ. డిక్షనరీలో చూస్తే రెండు రకాల స్పెల్లింగులు కనబడతయ్. చివర ఈ అక్షరం లేనిది ఒకటి, ఉన్నది ఒకటి. లేనిదానికి అర్థం, బయటికి విసిరేసినవాడు. కాస్ట్ అంటే విసరడం. ఇది ఇంగ్లీషులో పాత మాట. ఈ అక్షరం ఉన్నది కులానికి సంబంధించింది. కులం అని చెప్పే ఆ కాస్ట్ పోర్చుగీసువాళ్ల ‘కాస్టా’ నుంచి వచ్చింది. జాతి, పుట్టుక అని దాని అర్థం. పలికితే రెండూ ఒకటే, అర్థాలు వేరు. ఒకటి విసిరేసినవాడు, ఒకటి కులానికి బయటివాడు. తెలుగులో మనకు రెండూ కలిసిన మాట ఒకటుంది, వెలివాడ. వెలి అంటే బయట, వెలి అంటే వెలివేయడం కూడా. 2016 జనవరిలో హైదరాబాద్ యూనివర్సిటీలో హాస్టల్ నుంచి గెంటేసిన అయిదుగురు దళిత విద్యార్థులు బయట డేరా వేసుకుని దానికి పెట్టుకున్న పేరు వెలివాడే. అందులో ఒకరు, గుంటూరు బిడ్డ రోహిత్ వేముల. జనవరి 17న చనిపోయే ముందు అతను రాసిన ఉత్తరం ఇంగ్లీషులో ఉంది. అది దేశమంతా చదివింది. ఇంగ్లీషులో రాసినందుకే ఢిల్లీలో ఉన్నవాడికీ, లండన్‌లో ఉన్నవాడికీ అనువాదకుడి అవసరం లేకుండా చేరింది. అవుట్‌కాస్ట్ అనే మాట ఇక మీకు గుర్తుండకపోతే అడగండి.

తరవాత ‘స్వీపర్’. డిక్షనరీ చెప్పే అర్థం ఊడ్చేవాడు. పుస్తకంలో బఖా ఊడవడం ఎంతసేపు? పొద్దున్నే దొడ్లు వరసగా కడుగుతాడు, మలం ఎత్తుతాడు, తీసుకుపోయి కాలుస్తాడు. ఊడ్చేవాడు అనే శుభ్రమైన మాట వెనక ఆ పనంతా దాచిపెట్టారు. ఇదొక పాఠం. కొన్ని మాటలు చెప్పడానికి పుడతయ్, కొన్ని కప్పి పెట్టడానికి పుడతయ్. నవల చదివినవాడికి రెండూ తెలుస్తయ్. డిక్షనరీ మాత్రమే చూసినవాడికి చీపురు ఒక్కటే కనపడతది.

మూడోది ‘పొల్యూటెడ్’. ఇవ్వాళ పొల్యూషన్ అంటే ఫ్యాక్టరీ పొగ, లారీ పొగ. సర్టిఫికెట్టు కూడా ఇస్తున్నారు. ఈ నవల్లో పొల్యూటెడ్ అంటే మైల, అంటు. బఖా చెల్లెలు సోహిని కుండ పట్టుకుని బావి దగ్గరికి పోతది. అంటరానివాళ్లు బావి గట్టెక్కకూడదు. కింద కూచుని, గట్టెక్కే అర్హత ఉన్నవాడు ఎవడైనా దయతలిచి తోడి పోస్తాడా అని ఎదురుచూడాలి. చివరికి పూజారి కాళీనాథ్ వస్తాడు. ఆయనకు దయ పుట్టడానికి కారణం తెలుసా? ఆయనకు మలబద్ధకం! నీళ్లు తోడితే వ్యాయామం అవుతదని తోడతాడు. (నవ్వకండి, ఉన్నదే చెప్తున్నా. ‘కాన్‌స్టిపేషన్’ అనే మాట మీకు ఈ జన్మకి మరుపు రాదు.) అంతమందిలో సోహినికే ముందు పోసి, గుడి దగ్గర తన ఇంటి వాకిలి ఊడవడానికి రమ్మంటాడు. పిల్ల పోయింది. మీద చెయ్యేశాడు. పిల్ల అరిచేసరికి బయటికొచ్చి, నేను మైలపడ్డాను, మైలపడ్డాను అని వాడే గగ్గోలు పెట్టాడు. ముట్టుకున్నదెవడు, మైలయిందెవడికి? పొల్యూటెడ్ అనే మాటను ఎవరు ఎవరి మీద ఎందుకు వాడతారో ఆ ఒక్క చోట తేలిపోతది. మన ఆడపడుచులకు ఈ ఘట్టానికి అనువాదం అక్కర్లేదు.

ఇంకో మాట చెప్తాను. ఇది తమాషా మాట. ‘పోష్’. ఇంగ్లీషు డిక్షనరీ తీస్తే పోష్ అంటే దర్జా, డబ్బున్నవాళ్ల తీరు అని ఉంటది. ఈ అర్థం పెట్టుకుని చదివితే కథ తలకిందులైపోతది. ఎందుకంటే ఇక్కడ అది ఇంగ్లీషు మాటే కాదు, హిందుస్తానీ. తప్పుకోండి, తప్పుకోండి అని బఖా దారెంట అరుచుకుంటూ పోవాలి. బజార్లో జిలేబీలు కొనుక్కుని తింటూ ఆ అరుపు మరిచిపోయాడు. ఒక షావుకారు తగిలాడు. ఇక జనం మూగి తిట్టడం, షావుకారు చెంప పగలగొట్టడం, తలపాగా ఊడి పడటం, జిలేబీలు దుమ్ములో కలవడం. ఆ దెబ్బ తరవాత వీధి వీధికీ పోష్, పోష్ అని అరుచుకుంటూ నడుస్తాడు. అందుకని, డిక్షనరీ చెప్పే అర్థం కథకు అతకకపోతే కథనే నమ్మండి. మన తాతలు కూడా ఊళ్లో నడిచేటప్పుడు కేక వేసుకుంటూ నడిచినవాళ్లే. వాళ్లకు పోష్ అంటే ఏందో ఏ డిక్షనరీ చెప్పక్కర్లేదు.

ఇదే సందర్భంలో పుస్తకం పక్కన పెట్టి ఒక మాట. ఇంగ్లీషు పేపర్లలో ‘పరయా’ అనే మాట చూస్తుంటారు. ఫలానా దేశం పరయా అయింది, ఫలానా నాయకుడు పరయా అయ్యాడు అని రాస్తారు. అందరూ వదిలేసినవాడని వాళ్ల అర్థం. అది ఎక్కడిదనుకున్నారు? తమిళనాట పరై కొట్టే పరయర్ల పేరు. పరై అంటే డప్పు. 17వ శతాబ్దంలోనే ఇంగ్లీషువాళ్లు ఆ మాట పట్టుకుపోయారు. మన అన్నదమ్ముల కులం పేరు ప్రపంచమంతా తిట్టుగా తిరుగుతుంటే, చదువుకున్న పెద్దమనుషులు ఏమీ ఎరగనట్టు పేపర్లలో రాసుకుంటున్నారు. అదే పేరును 1893లో రెట్టమలై శ్రీనివాసన్ మద్రాసులో తన పత్రికకు పెట్టుకున్నాడు, ‘పరయన్’ అని. తిట్టుగా వాడిన పేరును పత్రిక నెత్తిన అచ్చు వేయడమంటే మామూలు గుండె కాదు.

ఇక ఎట్లా చదవాలనేది. ఒక్కడే మూల కూర్చుని చదవొద్దు. నలుగురు కూర్చోండి. చదవడం వచ్చినవాడు పైకి చదవాలి, ఇంకొకడు తెలుగులో చెప్పాలి, ఒక పిల్ల నోటుపుస్తకం పట్టుకోవాలి. చదవడం రాని పెద్దలు తప్పకుండా ఉండాలి. ఎందుకంటే అర్థం పట్టుకోవడంలో వాళ్లను మించినవాళ్లు లేరు. బావి దగ్గర కథ వచ్చేసరికి ఇంటర్ చదివే కుర్రాడు మాట దగ్గర తట్టుకుంటాడు, ముసలమ్మ మాత్రం తరవాత ఏం జరగబోతదో ముందే చెప్పేస్తది. ఆమె చెప్పిన దాన్ని బట్టి కుర్రాడు మాట పట్టుకోవాలి. తెలియని మాట వచ్చిన ప్రతిసారీ డిక్షనరీకి పరిగెత్తొద్దు. గీత గీసి ముందుకు పోండి. అదే మాట మూడుసార్లు వచ్చిందనుకోండి, అప్పుడు చూడండి. సగం మాటలు మూడోసారికి వాటంతట అవే విడిపోతయ్. నోటుపుస్తకంలో మాటకు ఎదురుగా అర్థం ఒక్కటే రాసుకుంటే లాభం లేదు. ఎవరన్నారు, ఎవర్ని అన్నారు, ఎప్పుడు అన్నారు, ఇవి రాయాలి.

మాటకు చుట్టాలుంటారు, వాళ్లనీ పిలవాలి. టచ్ అంటే తాకడం, మనకు తెలుసు. టచబుల్, తాకదగినవాడు. అన్ ముందుకొస్తే కాదు అని. అన్‌టచబుల్, అంటరానివాడు. అన్‌టచబిలిటీ, అంటరానితనం. రాజ్యాంగం 17వ అధికరణం రద్దు చేసింది ఈ చివరిదాన్నే. ఒక్క టచ్ పట్టుకుని రాజ్యాంగం దాకా పోయామా లేదా? అదే లెక్కన ఈటబుల్, వాషబుల్ మీరే చెప్పగలరు.

ఈ పుస్తకంలో తిట్లు చాలా ఉన్నయ్. ఆనంద్ పంజాబీ, హిందుస్తానీ తిట్లను ముక్కకు ముక్క ఇంగ్లీషులోకి తిప్పి రాశాడు. అవి నోటుపుస్తకంలోకి ఎక్కించొద్దు. ఇంగ్లండువాడికి అవి తిట్టో దీవెనో కూడా తెలియదు.

ఇప్పుడు స్టేషను దగ్గరికొద్దాం. ఈ మాటలు నేర్చుకుని ఏం చేస్తాం? 1989లో వచ్చిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. 2015లో సవరించారు. దాని ఇంగ్లీషు పాఠం మూడో సెక్షను తెరిచి చూడండి. ఇన్సల్ట్, హ్యుమిలియేట్, పబ్లిక్ వ్యూ. నవల్లో బఖాకు జరిగిందంతా అక్కడ వరసగా ఉంటది. ఇన్సల్ట్ అంటే అవమానించడం. హ్యుమిలియేట్ దానికంటే లోతు. లాటిన్‌లో నేల అనే మాట నుంచి వచ్చింది, అంటే నేలకు దించడం. బఖా తలపాగా దుమ్ములో పడిందే, అది. పబ్లిక్ వ్యూ అంటే నలుగురి కళ్లెదుట. ఈ రెండు మాటల మీదే కేసులు నిలబడుతున్నయ్, పడిపోతున్నయ్. నాలుగు గోడల మధ్య, బయటివాళ్లెవరూ లేనిచోట తిడితే అది పబ్లిక్ వ్యూ కిందికి రాదని 2020లో సుప్రీంకోర్టు ఒక కేసులో చెప్పింది. ఇప్పుడు నవలకు పెట్టి చూడండి. బజార్లో బఖాను కొట్టి తిట్టింది పబ్లిక్ వ్యూలోనే. పూజారి ఇంటి వాకిట్లో సోహినికి జరిగింది? చూసినవాళ్లు లేరు. ఆడమనిషి మీద చెయ్యేసినందుకు అదే చట్టంలో వేరే క్లాజు ఉంది, దాని కింద పెట్టాలి. ఫిర్యాదు రాసేటప్పుడు ఎక్కడ, ఎవరెవరు ఉండగా అనే రెండు ముక్కలు వదిలేస్తే కేసు అక్కడే సగం చచ్చిపోతది. తెలుగులో మనం చెప్పింది ఛార్జిషీటులో, తీర్పులో ఇంగ్లీషు అయి వచ్చినప్పుడు, మన మాట మనకు తిరిగి వచ్చిందో లేదో చూసుకోగలిగినవాడు వాడకు ఒక్కడన్నా ఉండాలి.

ఆ సెక్షనులోనే ఇంకో మాట ఉంది, ‘ఫౌల్’. వాలీబాల్ ఆడే పిల్లలకు తెలుసు. ఆటలో తప్పు. చట్టంలో ఫౌల్ అంటే నీళ్లను పాడుచేయడం. దళితులు వాడుకునే ఊటనో చెరువునో పాడుచేస్తే నేరం. ఈ మాట చదివినప్పుడు నాకు కారంచేడు గుర్తొస్తది. మాదిగలు మంచినీళ్లు పట్టుకునే చెరువు దగ్గర పశువుల కుడితి నీళ్లు కలిపితే, అదేందని అడిగిన పాపానికి 1985 జూలై 17న ఆరుగురిని చంపారు. అప్పటికి ఈ చట్టం లేదు. ఈ మాట చట్టంలోకి ఊరికే రాలేదు, చెరువు గట్ల మీద నుంచే వచ్చింది.

ఆనంద్ పుస్తకాన్ని నేను నెత్తిన పెట్టుకోమనడం లేదు. ఆయన దళితుడు కాదు. కంచరి పని చేసే కుటుంబం, తండ్రి దండులో గుమాస్తా. మాలపల్లి రాసిన ఉన్నవ మాదిరి, బయట నిలబడి ప్రేమగా చూసినవాడు. బఖాకు చివర్లో మూడు దార్లు చూపిస్తాడు. పాదరీ యేసు, గాంధీ, ఇంకోటి ఫ్లష్ దొడ్డి! ఒక కవి వచ్చి, మలాన్ని మనిషి ఎత్తక్కర్లేని యంత్రం వస్తే మీ బాధ తీరతదంటాడు. 1927లోనే మహద్ చెరువులో దోసిలి ముంచి నీళ్లు తాగిన అంబేద్కర్ మాత్రం ఆ మైదానంలో నాకు కనపడలేదు. ఫ్లష్ వచ్చింది. చేత్తో మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చినయ్. అయినా సెప్టిక్ ట్యాంకులో, మురుగు కాలువలో దిగి చస్తున్నది ఏ కులం? కోలార్ బంగారు గనుల్లో పాకీ పని చేసిన తెలుగు తల్లిదండ్రుల బిడ్డ బెజవాడ విల్సన్, 2016లో మెగసెసే అవార్డు అందుకున్న మనిషి, ఏళ్ల తరబడి అడుగుతున్నది ఇదే. చదివేటప్పుడు పుస్తకంతో పోట్లాడండి. పోట్లాడుతూ చదివితే మాటలు ఇంకా గట్టిగా పట్టుకుంటయ్.

ఈ పుస్తకం అయ్యాక రెండోది మన తెలుగు పుస్తకమే. కళ్యాణరావు ‘అంటరాని వసంతం’. తెలుగులో 2000లో వచ్చింది. 2010లో ఇంగ్లీషులో ‘అన్‌టచబుల్ స్ప్రింగ్’ అయింది. తెలుగు పుస్తకం ఎడమ చేతిలో, ఇంగ్లీషుది కుడి చేతిలో పెట్టుకుని పేరా పేరా చదవండి. మన భాష ఇంగ్లీషులోకి ఎట్లా పోయిందో, ఏ మాట దగ్గర ఇంగ్లీషు చేతులెత్తేసిందో మీకే తెలుస్తది. పేరులోనే చూడండి. స్ప్రింగ్ అంటే వసంతం. సైకిలు సీటు కింద స్ప్రింగు కూడా అదే. చట్టంలో ఫౌల్ పక్కన ఉన్న స్ప్రింగ్ అంటే నీటి ఊట.

ఇంగ్లీషు నేర్చుకుంటే తెలుగు చచ్చిపోతదని ఏడ్చేవాళ్లున్నారు. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం పెడతానన్నప్పుడు మాతృభాష కోసం ఎంతమంది గుండెలు బాదుకున్నారో చూశాం. 2020 ఏప్రిల్లో హైకోర్టు ఆ జీవోలు కొట్టేసింది. బాదుకున్నవాళ్లలో ఎంతమంది మనవళ్లు తెలుగు మీడియంలో చదువుతున్నారో లెక్క తీస్తే బాగుండును. మీడియం ఏదైనా మంచి పంతులు లేకపోతే పిల్లలకు రెండు భాషలూ రావు, అదీ నిజమే. అయితే సంస్కృతం చెప్పం పొమ్మంటే పారశీకం చదువుకున్న అంబేద్కర్, లాహోరు సభవాళ్లు ప్రసంగం రద్దు చేస్తే 1936లో దాన్ని ఇంగ్లీషులోనే సొంత ఖర్చుతో అచ్చేసి ప్రపంచం చేతిలో పెట్టాడు. కుల నిర్మూలన అట్లా వచ్చింది. ఆయనకు తెలుసు ఏ భాషలో ఎవరితో మాట్లాడాలో.

మాటలు చాలానే అయినయ్. ఇవ్వాళ్టికి ఎనిమిది ఎక్కించుకోండి: అవుట్‌కాస్ట్ రెండు స్పెల్లింగులతో, స్వీపర్, పొల్యూటెడ్, పోష్, హ్యుమిలియేట్, పబ్లిక్ వ్యూ, ఫౌల్, స్ప్రింగ్. పుస్తకం ఒకటే ఉంది కాబట్టి బావి దగ్గరి పేజీలు జిరాక్సు తీయించి తెచ్చాం, నలుగురికి ఒకటి చొప్పున తీసుకోండి. రేపు రాత్రి పనుల నుంచి వచ్చి అన్నాలు తిన్నాక అక్కడి నుంచే మొదలుపెడదాం. పిల్లలు ఎట్లాగూ వస్తారు. అమ్మలు తప్పకుండా రండి, బావి కథ మీరే చెప్పాలి.

జై భీమ్!